సంపులో బెత్తెడు ఖాళీ

సంపాదకులకు నమస్కారాలు.

నగరంలో నల్లా నీళ్లు రంగు మారి వస్తున్నాయనీ, వాసన కొడుతున్నాయనీ పత్రికల్లో వార్తలు తరచుగా కనిపిస్తున్నాయి. అలాంటి వార్త చివర, పైపులైను ఎక్కడో పగిలి ఉంటుందనీ, సిబ్బంది తవ్వి చూస్తున్నారనీ సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. చాలాసార్లు అది నిజమే. కానీ పైపు ఎక్కడా పగలకుండానే వీధి లైనులోని తాగునీరు చెడిపోయే దారి ఇంకొకటి ఉంది. అది భవనాల లోపలి నుంచి, ముఖ్యంగా హోటళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్లు, వాణిజ్య సముదాయాల లోపలి నుంచి మొదలవుతుంది. ప్రజారోగ్య ఇంజినీరింగ్ పనుల్లో మూడు దశాబ్దాలకు పైగా గడిపి పదవీ విరమణ పొందినవాడిగా, ఆ దారి గురించి మీ పాఠకులకూ అధికారులకూ వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ లేఖ రాస్తున్నాను. విషయం కొంత నిడివి కోరుతుంది, మన్నించగలరు.

మా కాలనీలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. రెండేళ్ల కిందట ఎండాకాలం చివర్లో, ఒకే సందులో ఆరేడు ఇళ్లవారికి వరుసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నల్లా వదిలిన మొదటి పావుగంట నీళ్లకు కుళ్లిన కూరగాయల వాసన వచ్చేది. ఆ తర్వాత వచ్చేవి చూడటానికి తేటగానే ఉండేవి. నీటిలో క్లోరిన్ ఎంత మిగిలి ఉందో పసుపు రంగుతో చూపే పాత క్లోరోస్కోప్ నా దగ్గర ఉంది. దానితో పరీక్షిస్తే సందు మొదటి ఇంట్లో లేత పసుపు రంగు కనిపించింది, చివరి ఇళ్లలో రంగే రాలేదు. అంటే ఆ కొద్ది దూరంలోనే నీటిలోని క్లోరిన్ అంతా దేన్నో చంపడానికి ఖర్చయిపోతోందన్నమాట. సిబ్బంది మూడు చోట్ల తవ్వారు. జాయింట్లన్నీ గట్టిగా ఉన్నాయి. మురుగు లైను రోడ్డుకు అవతలి వైపున ఉంది. నాలుగో రోజున ఒక లైన్‌మన్ అనుమానం వచ్చి, మూలమీదున్న మూడంతస్తుల భవనం సంపు మూత తీయించాడు. కింద మెస్సు, పైన హాస్టల్ నడిచే భవనం అది. రాత్రిపూట సంపులో నీళ్లు పడే చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఎవరో అంటే, నల్లా పైపు చివరకు రబ్బరు గొట్టం తొడిగి, దాన్ని సంపు అడుగు దాకా దించారు. సంపుకు మూడడుగుల దూరంలో మ్యాన్‌హోల్ ఉంది. మెస్సు జిడ్డుతో అది పూడినప్పుడల్లా మురుగు పొంగి, సంపు మూత అంచుల నుంచి లోపలికి దిగేది. ఆ నీళ్లతో భవనంలోని పిల్లలు ఏమైపోయారన్నది ఒక ప్రశ్న. వారిలోనూ కొందరు సొంత ఊళ్లకు వెళ్లి మంచం పట్టారని తర్వాత తెలిసింది. ఆ సంపులోని నీళ్లు సందు చివరి ఇళ్ల నల్లాల్లోకి ఎలా వచ్చాయన్నది రెండో ప్రశ్న. ఈ లేఖ ఆ రెండో ప్రశ్న గురించి.

మన నగరాల్లో చాలా ప్రాంతాలకు నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు. రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో వదిలి, వాల్వు కట్టేస్తారు. వాల్వు కట్టిన మరుక్షణం నుంచి వీధి పైపు ఖాళీ కావడం మొదలవుతుంది. పల్లంలో ఉన్న ఇళ్లవారు ఇంకా పడుతూనే ఉంటారు. ఆ నీళ్లు దిగుతున్నకొద్దీ ఎగువన ఉన్న పైపులో పీడనం బయటి గాలి పీడనం కంటే తగ్గిపోతుంది. అప్పుడు ఆ పైపు, తనకు తెరిచి ఉన్న నోరు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి పీల్చుకుంటుంది. ఆ నోరు గాలిలో ఉంటే గాలిని పీలుస్తుంది, నీళ్లలో మునిగి ఉంటే నీళ్లను పీలుస్తుంది. మా సందులో జరిగింది అదే. నీళ్లు వచ్చే గంటసేపూ సంపును నింపిన ఆ గొట్టమే, వాల్వు కట్టగానే, డబ్బాలోంచి కిరోసిన్ లాగే గొట్టంలా పనిచేసి సంపు నీటిని వీధి లైనులోకి తిరిగి వదిలింది. దిగువన ఇద్దరు నల్లాకు నేరుగా మోటార్లు బిగించుకుని ఉన్నారు. ఖాళీ పైపును మోటారు లాగితే ఆ పీల్పు ఎంత బలంగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు, లైనులో మిగిలి ఉన్న ఆ సంపు నీరే మొదటి పావుగంటా అందరి బిందెల్లోకీ చేరింది. ప్లంబర్లు దీన్ని రిటర్న్ కొట్టడం అంటారు, ఇంజినీర్లు బ్యాక్‌ఫ్లో అంటారు.

ఇందులో రెండో రకం కూడా ఉంది. వీధి లైను పీల్చుకోకపోయినా, భవనమే తన నీటిని వెనక్కి తోసే సందర్భం అది. అరవై అడుగుల ఎత్తున ఉన్న ట్యాంకులో నీరు కింది పైపుపై చదరపు సెంటీమీటరుకు సుమారు 1.8 కిలోల ఒత్తిడి పెడుతుంది. వీధి లైనులో ఒక కిలో ఒత్తిడి ఉంటే గొప్ప అనుకునే ప్రాంతాలు మనకు ఎన్నో ఉన్నాయి. ప్రెషర్ బాగా ఉన్న రోజుల్లో కరెంటు ఖర్చు లేకుండా పై ట్యాంకు నింపుకోవచ్చని సంపును తప్పించి వేసే బైపాస్ లైను, బోరు నీళ్లనూ నల్లా నీళ్లనూ ఒకే టీ జాయింటు దగ్గర కలిపి మధ్యలో ఒక గేట్ వాల్వు పెట్టి వదిలేసే పద్ధతి, ట్యాంకరు నీళ్లు ఎక్కించే పైపును నల్లా పైపుకే అతికించడం, ఇవన్నీ ఈ రెండో రకానికి తలుపులు తీసేవే. ఆ గేట్ వాల్వు ఒక రోజు సరిగా కట్టకపోయినా, దాని లోపలి బిళ్ల అరిగిపోయినా, బోరు నీళ్లు వీధి లైనులోకి వెళతాయి. బోరు మోటారు ఒత్తిడి ముందు వీధి లైను ఒత్తిడి ఏ పాటిది?

2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు మరణించిన విషాదాన్ని, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో అతిసారం తీసిన ప్రాణాలను పాఠకులు మరిచిపోయి ఉండరు. ఆ రెండూ వీధిలోని తాగునీటి లైన్లలోకి మురుగు చేరిన ఘటనలు. అవి ఫలానా భవనం సంపు వల్ల జరిగాయని నేను అనడం లేదు. అయితే పాత పైపు పక్కనే ఉన్న మురుగును తాగునీటి లైనులోకి చేర్చగల బలమూ, సంపులోని నీటిని అదే లైనులోకి లాగే బలమూ ఒకటే. ఖాళీ అయిన పైపులోని పీల్పు అది. పైపులు మార్చడానికి వందల కోట్లు కావాలి, ఏళ్లు పడుతుంది. సంపులో పైపును కోసి పైకి ఎత్తడానికి ఒక హ్యాక్సా బ్లేడు, ఒక పూట కూలి చాలు. నేను రెండో పని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఇదే.

ఇళ్లలో లేని ప్రమాదం వాణిజ్య భవనాల్లో ఏముందని కొందరు అడగవచ్చు. ఇంటి సంపులో ఉండేది మహా అయితే ఆ ఇంటివాళ్ల నీళ్లు. వాణిజ్య భవనంలో ఒకే పైపుల అల్లికకు వంటగది, మరుగుదొడ్లు, ఏసీ కూలింగ్ టవర్, అగ్నిమాపక ట్యాంకు, జనరేటర్ గది, ల్యాబు, బట్టలు ఉతికే యంత్రాలు అన్నీ తగిలించి ఉంటాయి. కూలింగ్ టవర్ నీటిలో తుప్పు పట్టకుండా, నాచు పెరగకుండా రసాయనాలు కలుపుతారు. అగ్నిమాపక ట్యాంకులోని నీరు, ప్రమాదం జరగకపోతే, నెలల తరబడి కదలకుండా నిలవ ఉంటుంది. కార్లు కడిగే చోట షాంపూ కలిపిన డ్రమ్ములో గొట్టం ముంచి వదిలేసి, పనివాడు టీ తాగడానికి వెళతాడు. దంతవైద్యుడి కుర్చీ పక్కన ఉమ్మే పాత్రకు వచ్చే సన్నటి గొట్టం, ఆసుపత్రి స్లూయిస్ గదిలో బెడ్‌పాన్లు కడిగే గొట్టం, రక్తపరీక్షల ల్యాబు సింకులో నల్లాకు తొడిగిన రబ్బరు గొట్టం, ఇవన్నీ పైకి నల్లాలే, కానీ నోరు ఎక్కడ మునుగుతుందో చూస్తే భయం వేస్తుంది. ఇప్పుడు పెద్ద సముదాయాల్లో ఎస్‌టీపీలో, అంటే మురుగు శుద్ధి ప్లాంటులో, శుద్ధి చేసిన నీటిని ఫ్లష్‌లకూ మొక్కలకూ వాడుతున్నారు. అది మంచి పనే, చేయవలసిన పనే. కానీ ఆ నీటికి వేరే పైపు, వేరే రంగు, వేరే ట్యాంకు లేకపోతే, ఏదో ఒక రోజు ప్రెషర్ చాలడం లేదని ఒక కుర్ర ప్లంబర్ దాన్ని మంచినీళ్ల లైనుతో కలిపేస్తాడు. కలపడానికి అతనికి పది నిమిషాలు చాలు. కలిపిన సంగతి కనిపెట్టడానికి మనకు కొన్ని నెలలు పడుతుంది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, మన నగరాల్లో చాలా మరుగుదొడ్లలో ఉండే హెల్త్ ఫాసెట్ అనే చేతిగొట్టం. దాని గొట్టం పొడవుగా ఉంటుంది, కొక్కెం విరిగి ఉంటుంది, తల కమోడ్‌లోకి వేలాడుతూ ఉంటుంది. బ్రిటన్‌లో 1999 నాటి నీటి అమరికల నిబంధనలు ద్రవాలను ప్రమాద తీవ్రతను బట్టి అయిదు తరగతులుగా విభజించాయి. కమోడ్‌లో మునిగే అవకాశం ఉన్న ఇలాంటి చేతిగొట్టాన్ని అక్కడ అన్నిటికంటే ప్రమాదకరమైన అయిదో తరగతిలో చూస్తారు. మన దగ్గర వందమంది వాడే ఆఫీసు మరుగుదొడ్డిలో ఆ గొట్టమూ, పక్కనే ప్యాంట్రీలో టీ నీళ్లు పట్టే నల్లా ఒకే పైపు మీద ఉంటాయి.

వాణిజ్య భవనం తప్పు ఎంత దూరం పాకగలదో ప్రపంచానికి తెలిసింది హోటళ్ల వల్లనే. 1933లో అమెరికాలోని షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు, దేశం నలుమూలల నుంచి వచ్చిన సందర్శకులు నగరంలోని పెద్ద హోటళ్లలో దిగారు. వాటిలో ఒకే నీటి ఏర్పాటును పంచుకునే రెండు హోటళ్లలో పాతబడిన ప్లంబింగ్ వల్ల, మురుగు పైపులూ తాగునీటి పైపులూ కలిసే లోపాల వల్ల, అమీబిక్ విరేచనాలు వ్యాపించాయి. జబ్బు బయటపడటానికి వారాలు పట్టేది కాబట్టి, బాధితులు తమ తమ ఊళ్లకు చేరిన తర్వాత పడిపోయారు. ఏ ఊరి డాక్టరుకూ అది షికాగో నీళ్ల వల్ల అని తట్టలేదు. చివరకు 1,400 మందికి పైగా జబ్బుపడ్డారని, 98 మంది చనిపోయారని తేలింది. మా సందులోని హాస్టల్ పిల్లలు సొంత ఊళ్లకు వెళ్లి మంచం పట్టారని విన్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఇదే.

1969లో అదే దేశంలో మాసాచుసెట్స్ రాష్ట్రంలోని హోలీ క్రాస్ కళాశాల ఫుట్‌బాల్ జట్టుకు జరిగింది మన పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. మైదానం పక్కన గడ్డిని తడిపే నల్లాలు నేల మట్టానికి దిగువన గుంటల్లో ఉండేవి. వాటిలో కామెర్లు సోకిన చుట్టుపక్కల పిల్లలు ఆడుకునేవారు. ఒక రోజు దగ్గరలో అగ్నిప్రమాదం జరిగి, మంటలార్పేవాళ్లు పెద్ద ఎత్తున నీళ్లు లాగడంతో వీధి లైనులో పీడనం పడిపోయింది, ఆ గుంటల్లోని నీరు తాగునీటి పైపులోకి వెళ్లిపోయింది. జట్టులోనూ సిబ్బందిలోనూ 97 మంది ఉంటే 90 మందికి హెపటైటిస్ సోకింది, రెండు ఆటలతోనే ఆ ఏటి పోటీలన్నీ రద్దయ్యాయి. అక్కడ పైపులో పీడనం పడిపోవడానికి అగ్నిప్రమాదం అనే అరుదైన కారణం కావలసి వచ్చింది. మనకు ప్రతి రెండో రోజూ, వాల్వు కట్టిన ప్రతిసారీ, ఆ పరిస్థితి వస్తుంది. ఈ ఒక్క తేడాను మన అధికారులు మనసుకు ఎక్కించుకుంటే నా లేఖ పని సగం పూర్తయినట్టే.

ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడి ఉండే దేశాలు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 2016 డిసెంబరులో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ నగరంలో ఒక పారిశ్రామిక స్థలం నుంచి తారు పనిలో వాడే రసాయనం వెనక్కి వచ్చి లైనులో చేరి ఉండవచ్చన్న అనుమానంతో, సుమారు మూడు లక్షల మందిని నల్లా నీళ్లు ముట్టుకోవద్దని కొన్ని రోజులపాటు ఆపేశారు. 2007లో ఫిన్లాండ్‌లోని నోకియా పట్టణంలో మురుగు శుద్ధి కేంద్రంలో ఒక్క వాల్వు తెరిచి ఉండిపోయినందుకు వేలమంది జబ్బుపడ్డారు. డాలస్ దగ్గర మా అన్నగారి అబ్బాయి చిన్న హోటల్ నడుపుతున్నాడు. కిందటిసారి వచ్చినప్పుడు ఈ సంగతి కదిపితే, "ప్రతి ఏడూ ఉండేదే బాబాయ్. లైసెన్సున్న మనిషి వచ్చి వాల్వు పరీక్ష చేసి, రిపోర్టు సిటీకి పంపుతాడు. అది వెళ్లకపోతే నీళ్లు ఆపేస్తామని నోటీసు వస్తుంది" అన్నాడు. మన తెలుగువాళ్లే అక్కడ ఏటా ఆ రుసుము కట్టి, ఆ కాగితం భద్రపరుచుకుని వ్యాపారం చేసుకుంటున్నారు. కాబట్టి మనవాళ్లు ఇలాంటివి పాటించరన్న మాటను నేను ఒప్పుకోను.

అయితే అక్కడి పరికరాన్ని తెచ్చి ఇక్కడ ప్రతి హోటల్ ముందూ బిగించాలని నేను కోరడం లేదు. దీనికి ఒక సాంకేతిక కారణం ఉంది. నిపుణులమని చెప్పుకునే కొందరు కూడా దాన్ని విస్మరిస్తున్నారు. ప్రమాదం ఎక్కువగా ఉన్న చోట ఆ దేశాల్లో వాడే పరికరంలో, ఒకదాని వెనుక ఒకటిగా, నీటిని ఒకే వైపుకు వదిలే రెండు చెక్ వాల్వులు, వాటి మధ్య ఒక గది, ఆ గదికి అడుగున ఒక విడుదల వాల్వు ఉంటాయి. మధ్య గదిలోని ఒత్తిడి ఎప్పుడూ వచ్చే నీటి ఒత్తిడి కంటే తక్కువగా ఉండేలా అమరిక ఉంటుంది. ఏ వాల్వు చెడిపోయినా, వెనక్కి వచ్చే నీరు వీధి లైనులోకి పోకుండా నేలమీద పడిపోతుంది. గొప్ప పరికరమే. కానీ దాన్ని దాటడానికి నీటికి ఏడెనిమిది మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి ఖర్చవుతుంది. మన లైన్లలో చాలా చోట్ల ఉండే మొత్తం ఒత్తిడే అంత. పైగా దాన్ని గుంటలో పెడితే, గుంట నీటితో నిండిన రోజున ఆ విడుదల వాల్వే మురుగును లోపలికి తెచ్చే నోరు అవుతుంది. మన వానాకాలం రోడ్లను చూసినవారికి దీని అర్థం తెలుస్తుంది.

మనకు దానికంటే మంచి ఉపాయం ఇప్పటికే మన నేల కింద ఉంది. అది సంపు. నీళ్లు రోజూ రావు కాబట్టి మనం తప్పనిసరై కట్టుకున్న ఈ తొట్టి, వీధి లైనునూ భవనం లైనునూ పూర్తిగా విడదీయగల కట్టడం. నల్లా పైపు సంపులోకి గాలిలోంచి ధారగా పడుతూ ఉంటే, కింద ఎంత మురికి ఉన్నా అది ఎగిరి పైపు నోటిలోకి వెళ్లలేదు. ఎంత పీల్చినా పైపు పీల్చేది గాలినే. ఏ వాల్వుకూ లేని బలం ఈ ఖాళీకి ఉంది, ఎందుకంటే అరిగిపోవడానికి, ఇసుక ఇరుక్కోవడానికి, స్ప్రింగు విరగడానికి ఇందులో ఏమీ లేదు. ఎంత ఖాళీ ఉండాలంటే, పైపు వ్యాసానికి రెండింతలు, ఎంత సన్నపు పైపైనా కనీసం ఒక అంగుళం. వాణిజ్య కనెక్షన్లలో తరచుగా కనిపించే 40 మిల్లీమీటర్ల పైపుకు మూడంగుళాల పైచిలుకు, అంటే దాదాపు మన పెద్దలు కొలిచే బెత్తెడు. కొలత ఎక్కడి నుంచి అన్నది ముఖ్యం. బాల్ వాల్వు ఆగే మట్టం నుంచి కొలవకూడదు, బాల్ వాల్వు ఏదో ఒక రోజు చెడిపోతుంది. నీరు పొంగితే ఎంత దాకా వస్తుందో ఆ మట్టం నుంచి కొలవాలి. దీనికి సంపు గట్టు చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా ఉండాలి, మూత బిగువుగా ఉండాలి, ఓవర్‌ఫ్లో పైపును మురుగు లైనులో నేరుగా కలపకూడదు. ధార పడే చప్పుడు ఇబ్బందిగా ఉంటే, ధార కింద ఏటవాలుగా ఒక బండ పెట్టుకోవచ్చు. గొట్టం తొడగడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు.

ఇక్కడ నీటిని వెనక్కి రానివ్వకుండా పెట్టే వాల్వు, ఎన్‌ఆర్‌వీ, గురించి చెప్పక తప్పదు. భవన యజమానిని అడిగితే, మాకు నాన్ రిటర్న్ వాల్వు ఉందండీ అని వెంటనే సమాధానం వస్తుంది. నేను విప్పి చూసిన ఎన్‌ఆర్‌వీల్లో ఎన్నో, సున్నపు పొలుసులు పట్టి, తలుపు సగం తెరుచుకుని బిగుసుకుపోయి ఉన్నవే. మన బోర్ల నీటిలో ఉన్న లవణాలకు అది సహజం. ఒంటి ఎన్‌ఆర్‌వీ పనిచేస్తోందో లేదో, లైను విప్పకుండా తెలుసుకునే వీలు లేదు. పరీక్షించడానికి దానికి చిన్న కుళాయిలు ఉండవు. కనిపించని వాల్వు మీద పెట్టుకున్న ఆ నమ్మకం, వాల్వే లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుందని నా అనుభవం, ఎందుకంటే అది ఉందన్న ధీమాతో బైపాస్ లైను వేసుకుంటారు. సంపులో ఖాళీ అయితే మూత తీసిన ఎవరికైనా కంటికి కనిపిస్తుంది. దానికి ఇంజినీరు కూడా అక్కర్లేదు.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ప్లంబింగ్‌కు కేటాయించిన తొమ్మిదో భాగం, తాగునీటి లైనును మరే నీటితోనూ కలపరాదనీ, వెనక్కి పీల్చుకునే అవకాశాన్ని అరికట్టాలనీ చెబుతుంది. ఆహార భద్రతా నిబంధనల్లో నాలుగో షెడ్యూలు, తాగడానికి పనికిరాని నీటి పైపులు తాగునీటి పైపుల నుంచి స్పష్టంగా వేరుగా గుర్తుపట్టేలా ఉండాలని కోరుతుంది. 2012 నాటి తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, వంద మిల్లీలీటర్ల నీటిలో ఒక్క ఈ కోలి కూడా కనిపించకూడదనీ, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలనీ నిర్దేశించింది. లేనిది తనిఖీ. భవనం కట్టేటప్పుడు ప్లాను చూస్తారు, నిప్పు వస్తే ఎలా అని అగ్నిమాపక శాఖ చూస్తుంది, మురుగు కనెక్షన్‌కు రుసుము కట్టించుకుంటారు. ఆ తర్వాత పదేళ్లలో లోపల ఎన్నిసార్లు పైపులు మార్చినా, ఎన్ని టీ జాయింట్లు వేసినా, అడిగేవారు ఉండరు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ తాగునీటి సంస్థ అయిన జలమండలి నల్లాలకు మోటార్లు బిగించుకున్న వారిపై ప్రత్యేక తనిఖీలు చేపట్టి, మోటార్లు స్వాధీనం చేసుకుని 5,000 రూపాయల జరిమానా విధిస్తామని ప్రకటించినప్పుడు నేను ఎంతో సంతోషించాను. దాన్ని చాలామంది నీళ్ల దొంగతనాన్ని ఆపే పనిగానే చూశారు. నిజానికి అది నీటి శుభ్రతను కాపాడే పని కూడా. ఆ సిబ్బందే, ఆ గడపలోనే నిలబడి, సంపు మూత కూడా తీయించి చూస్తే అదనంగా అయ్యే శ్రమ అయిదు నిమిషాలు.

నా అభ్యర్థన ఇది. వాణిజ్య భవనాలకు ఏటా ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరిస్తారు. ఆ దరఖాస్తుతో పాటు నీటి కనెక్షన్ గురించి ఒక్క పేజీ ధ్రువపత్రం తప్పనిసరి చేయాలి. అందులో సంపులోకి పడే పైపుకూ పొంగు మట్టానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపు పెట్టి తీసిన ఫోటో, బోరు, ట్యాంకరు, ఎస్‌టీపీ లైన్లు నల్లా లైనుతో ఎక్కడా కలవలేదన్న లైసెన్సు ప్లంబరు సంతకం, ప్యాంట్రీ లేదా వంటగది నల్లా వద్ద తీసిన నీటి నమూనా పరీక్ష ఫలితం ఉండాలి. ఇలాంటి పత్రాలు కూర్చున్న చోటే అమ్ముడుపోతాయని అనేవారు ఉంటారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఫోటో అడుగుతున్నాను, అందుకే వచ్చిన పత్రాల్లో కొన్నిటినైనా చీటీ తీసి ఎంచుకుని, చెప్పకుండా వెళ్లి మూత తీయించాలని అంటున్నాను. తప్పుడు సంతకం పెట్టిన ప్లంబరు లైసెన్సు ఒక్కసారి రద్దయితే ఆ వార్త మేస్త్రీలందరికీ ఒక్క రోజులో చేరుతుంది.

అన్నీ ఒకేసారి చేయడం సాధ్యం కాదు. ఆసుపత్రులు, డయాలసిస్ కేంద్రాలు, రక్తపరీక్షల ల్యాబులు, దంత వైద్యశాలలు, కార్ల వాషింగ్ కేంద్రాలు, బట్టల అద్దకం, లాండ్రీలు మొదట రావాలి. వాటి నుంచి వెనక్కి వచ్చేది మామూలు మురుగు కాదు. వీటి లోపల కూడా, రసాయనాలు కలిసే ప్రతి ట్యాంకుకూ నీరు పైనుంచి ఖాళీలోంచి పడేలా చేసుకోవాలి, ప్రమాదకరమైన గొట్టాలకు మిగతా భవనంతో సంబంధం లేని చిన్న ట్యాంకు పెట్టుకోవాలి. తర్వాత అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల వందలకొద్దీ ఉన్న హాస్టళ్లు, వాటితో పాటు హోటళ్లు. ఆఫీసు సముదాయాల వారికి సొంత ఇంజినీర్లు ఉంటారు కాబట్టి వారికి గడువు ఇచ్చి వదిలేసినా సరిపోతుంది, ఒక్క ఎస్‌టీపీ లైన్ల విషయంలో తప్ప. ఆంధ్రప్రదేశ్‌లోని మున్సిపాలిటీలు కూడా దీన్ని ఏ మార్పూ లేకుండా అమలు చేయవచ్చు, అక్కడా సంపు సంపే, కుళాయి కుళాయే.

ప్లంబర్ల విషయం వేరుగా చెప్పాలి. ఈ తప్పులు చేసినవారిలో చాలామందికి అది తప్పని ఎవరూ చెప్పలేదు. ఏ ఐటీఐలోనూ అడుగు పెట్టకుండా, మేస్త్రీ వెంట తిరిగి పని నేర్చుకున్న కుర్రవాళ్లు వారు. జాయింటు కారకుండా బిగించడంలో వారి చేతిపనికి నేను ఎన్నోసార్లు అబ్బురపడ్డాను. వీధి పైపు ఖాళీ అయితే అది వెనక్కి పీలుస్తుందని, ఒక పారదర్శక గొట్టం, రంగు నీళ్ల బకెట్టు పెట్టి చూపిస్తే అరగంటలో వారికి అర్థమవుతుంది; నేను చూపించాను, అర్థమైంది. లైసెన్సు ఇచ్చేముందు రెండు రోజుల శిక్షణ ఇవ్వడం ఏ నీటి సంస్థకూ భారం కాదు. వేరే దేశాల్లో ఈ ఒక్క పరీక్ష చేసి బతికే వృత్తివారు ఉన్నారు. మన పిల్లలకూ అది ఒక గౌరవమైన జీవనాధారం కాగలదు.

యజమానులకు ఒక మాట. అధికారులు వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఈ వారం నల్లా వచ్చే రోజున సంపు మూత తీయించి, నిండిన తర్వాత పైపు చివర నీటిపైన ఉందో, నీటిలో ఉందో చూడండి. తర్వాత భవనంలోని మరుగుదొడ్లన్నీ తిరిగి, హెల్త్ ఫాసెట్ గొట్టాలు కమోడ్‌లోకి అందకుండా పొట్టివి వేయించి, కొక్కేలు బిగించండి. బైపాస్ లైను ఉంటే కోయించి, రెండు చివరలా మూతలు వేయించండి. గేట్ వాల్వు కట్టి ఉంచాం కదా అనుకోవద్దు.

మా మూలమీది భవనం యజమాని, మూత తీసిన రోజున తనకు ఏ సంబంధమూ లేదని గట్టిగా వాదించారు. మరుసటి ఆదివారం ఆయనే ప్లంబరును పిలిపించి గొట్టం తీయించి, పైపును కోయించి, సంపు గట్టును ఇటుకలతో అడుగున్నర ఎత్తు లేపించారు. ఖర్చు తొమ్మిది వందల రూపాయల చిల్లర అయిందని నాతో చెప్పారు. ఆ తర్వాత పది రోజులకు సందు చివరి ఇంట్లో నల్లా నీళ్లు క్లోరోస్కోప్‌లో పోస్తే, లేతగానైనా పసుపు రంగు వచ్చింది. వాళ్లింట్లోని ముసలమ్మ ఆ గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది.

ఈ లేఖను ప్రచురించి, జలమండలి, నగరపాలక సంస్థల అధికారుల నుంచి దీనిపై వచ్చే స్పందనను కూడా మీ పత్రికలో పాఠకులకు తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు,
హైదరాబాద్